శంషాబాద్ నుంచి డాలస్‌కి ఎంత దూరం, ఎన్ని గంటలు? టికెట్ చేతిలో పెట్టుకుని మీరే లెక్కగట్టడం ఎలా

డాలస్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తూ మా పిన్ని టికెట్ కాగితం నా చేతిలో పెట్టింది. "ఆదివారం తెల్లవారుజామున నాలుగూ ఇరవైకి ఎక్కుతున్నాం, అదే ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి దిగుతున్నాం. అంటే పన్నెండు గంటలేగా, మన గోదావరి ఎక్స్‌ప్రెస్ అంత!" అంది. కాగితం మీద నిజంగా అలాగే ఉంది. కానీ ఆ ప్రయాణం ఇరవై రెండు గంటల నలభై నిమిషాలు.

పిన్ని తప్పేమీ లేదు. టికెట్ మీద ఎక్కే టైము ఒక ఊరి గడియారంలో, దిగే టైము ఇంకో ఊరి గడియారంలో ఉంటుంది. ఆ సంగతి టికెట్ ఎక్కడా పెద్ద అక్షరాలతో చెప్పదు. షుగర్ మాత్రలు ఎన్ని గంటలకి వేసుకోవాలో, అల్లుడు ఎయిర్‌పోర్టుకి ఎప్పుడు రావాలో, మధ్యలో ఆగే చోట ఫ్లైట్ అందుతుందో లేదో అన్నీ ఈ లెక్క మీదే ఆధారపడి ఉంటాయి. ఒక కాగితం, ఫోను, పావుగంట ఓపిక ఉంటే చాలు. మొదట దూరం, తర్వాత గంటలు, ఆ తర్వాత గడియారాలు. ఇదే వరసలో వెళ్దాం.

ముందు ఏ ఎయిర్‌పోర్టో తేల్చుకోండి

ఊరి పేరుతో వెతక్కండి, ఎయిర్‌పోర్ట్ మూడక్షరాల కోడ్‌తో వెతకండి. శంషాబాద్‌ది హెచ్‌వైడి, విశాఖది వీటీజెడ్, గన్నవరంది వీజీఏ, రేణిగుంటది టీఐఆర్, మధురపూడిది ఆర్‌జేఏ. ఉత్త "హైదరాబాద్" అని కొడితే పాకిస్తాన్ సింధ్‌లో ఉన్న హైదరాబాద్ కూడా ఎదురు కావచ్చు, దానికీ ఎయిర్‌పోర్ట్ ఉంది. 2008 మార్చిలో శంషాబాద్ మొదలవక ముందు మనం వాడిన బేగంపేటకి వేరే కోడ్ ఉంది, బీపీఎం అని. ఇక లండన్ అంటే హీత్రూ, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్ ఇలా చాలా ఉన్నాయి. ఒకదాంట్లో దిగి ఇంకోదాంట్లో ఎక్కే టికెట్ చవగ్గా దొరికితే సంబరపడకండి, మధ్యలో మీరు సామానుతో ఊరంతా దాటాలి.

దూరం: దారం పెట్టి కొలవండి

పిల్లల గ్లోబు ఇంట్లో ఉంటే ఒక దారం తీసుకోండి. ఒక కొస హైదరాబాద్ మీద, ఇంకో కొస డాలస్ మీద పెట్టి బిగించి లాగండి. దారం ఎటు పోయిందో చూడండి. అరేబియా, యూరప్, అట్లాంటిక్ మీదుగా పోతుందని అనుకుంటాం. కానీ అది నేరుగా ఉత్తరానికి ఎక్కి, ఉత్తర ధ్రువానికి ఓ ఐదారు వందల కి.మీ. పక్కనుంచి దాటి, అవతలి వైపు కిందికి దిగుతుంది. డాలస్ మనకి పడమరా కాదు, తూర్పూ కాదు, దాదాపు ఉత్తరం! గోడకి తగిలించిన మ్యాప్‌లో ఇది కనబడదు, ఎందుకంటే గుండ్రటి భూమిని బల్లపరుపు చేసేసరికి ధ్రువాల దగ్గర అంతా సాగిపోతుంది. గ్లోబు మీద దారం చూపించే ఈ అతి దగ్గరి దారిని మహావృత్తం అంటారు. ఏ సైటు "ఫ్లైట్ డిస్టెన్స్" అని చూపించినా సాధారణంగా అది ఈ దారం పొడవే.

ఫోన్‌లో అయితే గూగుల్ మ్యాప్స్‌లో ఒక ఎయిర్‌పోర్ట్ మీద వేలు నొక్కి ఉంచి, దూరం కొలిచే ఆప్షన్ తీసి, రెండోదాని దాకా లాగండి. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైటులో రెండు కోడ్‌లు ఇస్తే గీత గీసి మరీ చూపిస్తుంది. శంషాబాద్ నుంచి కొన్ని దూరాలు ఉజ్జాయింపుగా ఇవి: గన్నవరం 265 కి.మీ., విశాఖ 510, ఢిల్లీ 1,260, దుబాయ్ 2,550, లండన్ హీత్రూ 7,750, డాలస్ 14,400.

రెండు సైట్లు రెండు అంకెలు చూపిస్తే కంగారు పడకండి. ఒకటి భూమిని నిఖార్సైన బంతి అనుకుంటుంది, ఇంకోటి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకున్న బంతి అని సరిగ్గా లెక్కేస్తుంది. తేడా అరశాతం లోపే ఉంటుంది. అసలు చూసుకోవాల్సింది కొలమానం. విమానాల వాళ్లు నాటికల్ మైళ్లలో మాట్లాడతారు, ఒక్కోటి 1.852 కి.మీ. అమెరికా సైట్లు మామూలు మైళ్లు ఇస్తాయి, ఒక్కోటి 1.609 కి.మీ. ఢిల్లీకి 680 అని ఒకచోట, 783 అని ఇంకోచోట, 1,260 అని మరోచోట కనబడితే మూడూ ఒకటే దూరం.

నెట్ లేకుండా లెక్కగట్టే సరదా ఉన్నవాళ్లకి ఒక కిటుకు. ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అంటే 111 కి.మీ. తూర్పు పడమరలుగా అయితే పైకి వెళ్లేకొద్దీ డిగ్రీ కుదించుకుపోతుంది: హైదరాబాద్ దగ్గర 106, ఢిల్లీ దగ్గర 98. శంషాబాద్ 17.24 ఉత్తరం, 78.43 తూర్పు. ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ 28.56 ఉత్తరం, 77.10 తూర్పు. పైకి తేడా 11.32 డిగ్రీలు, అంటే సుమారు 1,257 కి.మీ. పక్కకి తేడా 1.33 డిగ్రీలు, సగటున 102 వేసుకుంటే 136 కి.మీ. ఈ రెండూ లంబకోణ త్రిభుజం భుజాలు. పదో తరగతి పైథాగరస్‌ని పిలిస్తే కర్ణం 1,264 వస్తుంది. నాలుగు కి.మీ. తేడాతో దొరికేసింది! మన దేశంలోని ఊళ్లకి ఇది చక్కగా పనిచేస్తుంది. డాలస్‌కి మాత్రం వాడకండి, అంత దూరంలో భూమి వంపు ఈ త్రిభుజాన్ని మింగేస్తుంది.

మీ ఫ్లైట్ ఆ దారం మీద ఎగరదు

హైదరాబాద్ నుంచి డాలస్‌కి నేరుగా వెళ్లే ఫ్లైట్ లేదు. 14,400 కి.మీ. ఆగకుండా ఎగరడం మాటలు కాదు, ప్రపంచంలో అతి పొడవైన సింగపూర్-న్యూయార్క్ సర్వీసు దూరమే సుమారు 15,350 కి.మీ. కాబట్టి మధ్యలో ఎక్కడో దిగాలి. అప్పుడు దూరం ముక్కలుగా కట్టాలి. పిన్ని టికెట్ దుబాయ్ మీదుగా ఉంది: శంషాబాద్-దుబాయ్ 2,550, దుబాయ్-డాలస్ 12,940. మొత్తం 15,490. దారం లెక్క కన్నా వెయ్యి కి.మీ. పైచిలుకు ఎక్కువ. అమెరికా ప్రయాణంలో ఇది పెద్ద చుట్టేం కాదు, మధ్యలో ఆగే ఊరు మారితే ఇది ఇంకా పెరగొచ్చు. రెండు టికెట్లలో ఏది మేలో చూసేటప్పుడు ధరతో పాటు ఈ కూడిక కూడా చేసుకోండి.

దానికి తోడు ఆకాశంలో కూడా మూసిన రోడ్లు ఉంటాయి. 2019లో ఫిబ్రవరి ఆఖరు నుంచి జులై మధ్య దాకా పాకిస్తాన్ తన గగనతలం మూసింది. 2025 ఏప్రిల్‌లో మన కంపెనీల విమానాలకి మళ్లీ మూసింది. ఢిల్లీ నుంచి పడమరకి పోయే ఫ్లైట్లు అరేబియా సముద్రం మీదకి దిగి చుట్టూ తిరగాల్సి వచ్చింది. 2022 నుంచి రష్యా గగనతలం చాలా పాశ్చాత్య కంపెనీలకి లేదు. దూరం పట్టికలో ఈ చుట్టుదారులు కనబడవు. మీ ఫ్లైట్ నంబర్‌ని ఫ్లైట్‌రాడార్24 లాంటి దాంట్లో కొట్టి, గత వారం నిజంగా ఏ దారిన పోయిందో, ఎన్ని గంటలు పట్టిందో చూడండి. అన్నిటికన్నా నికరమైన లెక్క అదే.

కిలోమీటర్లని గంటలు చేయడం

పెద్ద జెట్ విమానం పైకెక్కాక గంటకి 850 నుంచి 900 కి.మీ. వేగంతో పోతుంది. కానీ మొత్తం ప్రయాణాన్ని ఆ వేగంతో భాగించకూడదు. గేటు దగ్గర వెనక్కి నెట్టించుకోవడం, రన్‌వే దాకా నెమ్మదిగా పాకడం, వరసలో నిలబడటం, ఎక్కడం, దిగడం ఉన్నాయి కదా. టికెట్ మీద ఉండే టైము గేటు వదిలినప్పటి నుంచి అవతల గేటుకి చేరేదాకా. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు.

నేను వాడే సూత్రం ఇది: దూరాన్ని 800తో భాగించి, 40 నిమిషాలు కలపండి. ఆరేడు వేల కి.మీ. దాటితే 850తో భాగించండి. ఇది ఏ పుస్తకంలోదీ కాదు, టికెట్లు చూసి చూసి కుదుర్చుకున్నది.

విశాఖ: 510ని 800తో భాగిస్తే 38 నిమిషాలు, 40 కలిపితే గంటా పద్దెనిమిది. ఢిల్లీ: గంటా ముప్ఫై అయిదు, 40 కలిపితే రెండుంపావు. దుబాయ్: మూడు గంటల పదకొండు నిమిషాలు, 40 కలిపితే మూడు గంటల యాభై. దుబాయ్-డాలస్: 12,940ని 850తో భాగిస్తే పదిహేనుంపావు, 40 కలిపితే దాదాపు పదహారు గంటలు. టికెట్లతో సరిచూడండి, పది ఇరవై నిమిషాల తేడాలో ఉంటాయి. గన్నవరం అయితే మరీ విచిత్రం: గాల్లో ఇరవై నిమిషాల దూరం, నలభై నిమిషాల తతంగం.

కంపెనీలు టైమ్‌టేబుల్‌లో కొంత ఎక్కువే రాసుకుంటాయి. అందుకే గంట ఆలస్యంగా బయల్దేరిన ఫ్లైట్ ఒక్కోసారి నలభై నిమిషాల ఆలస్యంతోనే దిగుతుంది. డిసెంబర్, జనవరి నెలల్లో ఢిల్లీ పొగమంచుకి మాత్రం ఈ ఎక్స్‌ట్రా ఏ మూలకీ చాలదు.

వెళ్లేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ ఎందుకు?

శంషాబాద్ నుంచి దుబాయ్ వెళ్లడానికి నాలుగు గంటల దాకా పడుతుంది, తిరిగి రావడానికి మూడున్నర లోపే. డాలస్ దాకా చూస్తే తేడా ఇంకా ఎక్కువ. "భూమి తిరుగుతోంది కదా, అందుకే" అని చాలామంది చెప్తారు. అది కారణం కాదు. భూమితో పాటు గాలీ తిరుగుతుంది, ఆ గాల్లోనే విమానం ఉంటుంది. అసలు కారణం జెట్ ప్రవాహాలు: తొమ్మిది నుంచి పన్నెండు కి.మీ. ఎత్తులో పడమర నుంచి తూర్పుకి నదిలా పారే గాలి. చలికాలంలో ఉత్తర భారతం మీద ఇది గంటకి 150 కి.మీ. కూడా దాటిపోతుంది.

ఎంత తేడా వస్తుందో మీరే వేసి చూడండి. విమానం వేగం 850, ఎదురుగాలి 80 అనుకుందాం. నేల మీద లెక్కకి వచ్చే వేగం 770. దుబాయ్‌కి 2,550 కి.మీ. పోవడానికి మూడు గంటల పంతొమ్మిది నిమిషాలు. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తే వేగం 930, టైము రెండు గంటల నలభై అయిదు. అరగంటకి పైగా తేడా ఒక్క గాలి వల్లే.

ఈ గాలి కోసం చుట్టూ తిరగడం కూడా లాభమే అయిన సందర్భం ఉంది. 2016 అక్టోబర్‌లో ఎయిర్ ఇండియా ఢిల్లీ-శాన్ ఫ్రాన్సిస్కో ఫ్లైట్‌ని అట్లాంటిక్ మీదుగా మాని పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం 15,300 కి.మీ. దాకా పెరిగింది, అయినా వెనక గాలి పుణ్యమా అని పద్నాలుగున్నర గంటల్లో చేరింది.

మన వైపు ఒక చిన్న మెలిక ఉంది. వానాకాలంలో దక్షిణ భారతం మీద బాగా ఎత్తులో గాలి తిరగబడి తూర్పు నుంచి పడమరకి వీస్తుంది. ఈ తూర్పు జెట్ ప్రవాహాన్ని 1950లలో లోకానికి వివరించినది మన దేశపు వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. కాబట్టి జులైలోనూ జనవరిలోనూ ఒకే ఫ్లైట్‌కి పట్టే టైము ఒకేలా ఉంటుందని అనుకోకండి.

అసలు చిక్కు ఇక్కడ: అన్నిటినీ మన గడియారంలోకి మార్చండి

ఇప్పుడు పిన్ని టికెట్ ముందు పెట్టుకోండి. శంషాబాద్‌లో ఆదివారం 4:20కి బయల్దేరి దుబాయ్‌లో 6:45కి దిగుతుంది. దుబాయ్‌లో 9:30కి ఎక్కి డాలస్‌లో సాయంత్రం 4:30కి దిగుతుంది. ఏ టైము దగ్గర ఏ ఊరు ఉంటే ఆ ఊరి గడియారం.

మనకి దేశమంతా ఒకే టైము. 82.5 డిగ్రీల రేఖాంశం, అంటే మన కాకినాడ దగ్గరగా పోయే గీత, దానికి ఆధారం. గ్రీనిచ్ కన్నా అయిదున్నర గంటలు ముందు. దుబాయ్ నాలుగు గంటలే ముందు, కాబట్టి మనకన్నా గంటన్నర వెనక. డాలస్ చలికాలంలో మనకన్నా పదకొండున్నర గంటలు వెనక, వేసవిలో పదిన్నర. అమెరికా వాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి తిప్పి, నవంబర్ మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తిప్పుతారు. మార్చిలో, నవంబర్‌లో ప్రయాణమైతే మీ తేదీ ఆ ఆదివారానికి ఇటా అటా అని తప్పకుండా చూడండి. మన దగ్గర, దుబాయ్‌లో ఈ తిప్పడం లేదు.

పిన్ని వెళ్లింది వేసవిలో. దుబాయ్ 6:45కి గంటన్నర కలిపితే మన 8:15. అంటే మొదటి ఫ్లైట్ మూడు గంటల యాభై అయిదు నిమిషాలు. దుబాయ్‌లో ఆగింది 6:45 నుంచి 9:30 దాకా, రెండు గంటల నలభై అయిదు నిమిషాలు. డాలస్ సాయంత్రం 4:30కి పదిన్నర కలిపితే మనకి సోమవారం తెల్లవారుజామున 3:00. దుబాయ్ 9:30 మన 11:00. పదకొండు నుంచి మూడు దాకా పదహారు గంటలు. మూడూ కూడితే 22 గంటల 40 నిమిషాలు.

సరిచూసుకోవడం తేలిక: మొదటి టైము మన 4:20, చివరి టైము మన మర్నాడు 3:00. మధ్య తేడా 22:40. ఈ రెండు లెక్కలూ కలవకపోతే ఎక్కడో ఒక గంటన్నర అటు ఇటు అయినట్టే.

తిరుగు ప్రయాణానికీ ఇంతే. డాలస్‌లో సోమవారం మధ్యాహ్నం 12:00కి బయల్దేరితే అప్పుడు మనకి రాత్రి 10:30. శంషాబాద్‌లో మంగళవారం రాత్రి 8:20కి దిగితే ప్రయాణం 21 గంటల 50 నిమిషాలు. కాగితం మీద చూస్తే మాత్రం ముప్ఫై రెండు గంటల పైన కనబడి గుండె గుభేలుమంటుంది. టైము పక్కన చిన్నగా "+1" అని ఉంటే మర్నాడు దిగుతారని అర్థం, "+2" కూడా ఉండొచ్చు.

అర్ధరాత్రి తేదీ

మన పెద్దవాళ్లకి వారం సూర్యోదయంతో మారుతుంది. శనివారం రాత్రి మూడు గంటలంటే వాళ్ల లెక్కలో ఇంకా శనివారమే. ఎయిర్‌లైన్స్‌కి మాత్రం రాత్రి పన్నెండు దాటితే ఆదివారం. గల్ఫ్, యూరప్ ఫ్లైట్లు చాలావరకు శంషాబాద్ నుంచి ఆ వేళలోనే కదులుతాయి కాబట్టి ఈ తికమక మన ఇళ్లలో తరచూ జరుగుతుంది. మా చుట్టాల్లోనే ఒకాయన 15వ తేదీ రెండున్నర ఫ్లైట్‌కి 15 రాత్రి సామానుతో వెళ్లి నిలబడ్డాడు. ఫ్లైట్ వెళ్లిపోయి అప్పటికి దాదాపు రోజయింది.

అందుకని టికెట్ రాగానే క్యాలెండర్‌లో ఫ్లైట్ తేదీ కాదు, ఇంట్లోంచి కదిలే తేదీ రాయండి. ఆదివారం 4:20 ఫ్లైట్ అంటే "శనివారం రాత్రి 11:45కి కారు ఎక్కాలి" అని రాసిపెట్టండి. అలా రాస్తే ఎవరూ పొరబడరు.

ఇంటి నుంచి ఇంటికి

విదేశాలకైతే మూడు గంటల ముందు, దేశంలో అయితే రెండు గంటల ముందు ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. దేశీయ ఫ్లైట్లకి చెకిన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్‌కి ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటా గంటంపావు, పుష్పక్ బస్సులో అయితే ఇంకాస్త.

దీన్ని గన్నవరం ఫ్లైట్‌కి వేసి చూడండి. గంటంపావు, రెండు గంటలు, ఫ్లైట్ గంట, దిగి బయటపడి బెజవాడలోకి ఇంకో గంట. అయిదుంపావు గంటలు. బస్సూ దాదాపు అంతే సమయంలో చేరుస్తుంది, పైగా సామాను ఇరవై సార్లు దించి ఎక్కించక్కర్లేదు. విశాఖకి మాత్రం ఫ్లైట్‌దే గెలుపు. వందే భారత్ కూడా సికింద్రాబాద్ నుంచి ఎనిమిదిన్నర గంటలు తీసుకుంటుంది.

అమెరికా ప్రయాణంలో రెండు విషయాలు కలపండి. దేశంలో మొదట ఎక్కడ దిగితే అక్కడే ఇమిగ్రేషన్, అక్కడే సామాను తీసుకుని మళ్లీ ఇవ్వడం. న్యూయార్క్‌లో మారి డాలస్ వెళ్లే టికెట్‌కి గంటన్నర గ్యాప్ ఉంటే నేనైతే కొనను. అబుదాబి మీదుగా వెళ్తే అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది కాబట్టి అక్కడ ఆగే టైము కాస్త ఎక్కువ ఉండేలా చూసుకోండి. ఇంకోమాట, "డైరెక్ట్" అన్న ఫ్లైట్ మధ్యలో ఆగొచ్చు. అసలు ఆగకూడదంటే "నాన్‌స్టాప్" అని ఉందో లేదో చూడాలి.

పిన్నికి చివర్లో ఒక అరచేతి కాగితం రాసిచ్చాను. ఎడమవైపు మన టైము, కుడివైపు ఆ ఊరి టైము, మధ్యలో మాత్రల పేర్లు. మాత్రల టైములు మాత్రం డాక్టర్‌ని అడిగి రాశాను. కింద కూతురికి ఒక లైను: "4:30కి దిగుతుంది. ఇమిగ్రేషన్, సామాను అయ్యేసరికి ఆరవుతుంది. అల్లుడుగారిని అయిదున్నరకి బయల్దేరమను."